సగం సిపాయి

ఒడిబియ్యానికి పుట్టింటికి వెళ్ళిన ఆడబిడ్డ చేత ఆ ఒక్క రోజయినా ఎవరూ పని చేయించరు. అందుకే కాబోలు, మొన్న కార్తీకంలో నేను తాండూరు వెళ్ళినప్పుడు మా పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, నాకు పని చెప్పకుండా తీర్పు చెప్పమన్నాడు. పని చెప్పినా బాగుండేది. వంటింట్లో ఒక మూల కూర్చుని రెండు కిలోల చిక్కుడుకాయలకు ఈనెలు తీసేదాన్ని. తీర్పు చెప్పడం అంత తేలికా?

వికారాబాదు నుంచి తాండూరు ఎంతని? రైల్లో నలభై కిలోమీటర్లు. వేయించిన పల్లీల పొట్లం సగమయ్యేసరికి ధారూరు, పొట్లం ఖాళీ అయ్యేసరికి రుక్మాపూరు, చేతులు దులుపుకునేసరికి తాండూరు. ఆ రోజుల్లో దారికి రెండు పక్కలా కందిచేలు పచ్చగా పూసి ఉంటాయి. తాండూరు కందిపప్పు రుచి మీకు నేను చెప్పక్కర్లేదు, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ రైలుదారి నిజాం కాలంలో, 1874లో, వాడి నుంచి సికింద్రాబాదుకు వేసినది. మా తాత ఈ పట్టాల మీదనే గాంగు మేస్త్రీగా పనిచేశాడు. అందుచేత ఈ దారిన వెళ్ళినప్పుడల్లా మిగతావాళ్ళు కిటికీలోంచి చేలను చూస్తే, నేను పట్టాల కింది కంకరను చూస్తాను.

ఇంట్లో అడుగు పెట్టేసరికే అందరి ముఖాలూ ముడుచుకుని ఉన్నాయి. సంగతేమిటంటే, అన్నయ్య కూతురు సివిల్ ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో వంతెనలకు డ్రాయింగులు వేసే కంపెనీలో రెండేళ్ళుగా ఉద్యోగం చేస్తోంది. సంబంధాలు చూస్తున్నారు. ఇప్పుడా పిల్ల టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరు పరీక్షకు కూర్చుంటానంటోంది.

"ఉద్యోగం మానేసి మిలిటరీకి పోతానంటే అదొక తీరు. ఇదేమో మాననంటది. ఉద్యోగం ఉద్యోగమేనట, ఏడాదికి రెండు నెలలు మిలిటరీయట! సగం ఉడికిన అన్నం ఎవరన్న తింటరా?" అంది మా వదిన.

"ధోనీ లేడా అమ్మా అందులో?" అంది పిల్ల.

"ధోనీకి పెళ్ళయింది" అంది వదిన.

నాకు నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వకపోవడం చూసి మానుకున్నాను. "నువ్వు నవలలు రాస్తవు గదా, అందరి మనసులూ నీకు తెలుస్తయి. నువ్వే చెప్పు, పంపాల్నా వద్దా?" అన్నాడు అన్నయ్య. నవలల్లో మనుషుల చేత నేను అనుకున్నదే చేయిస్తానని, అందుకే వాళ్ళ మనసులు నాకు తెలుస్తాయని ఆయనకు చెప్పలేకపోయాను.

ఈ టెరిటోరియల్ ఆర్మీ సంగతి మీలో కొందరికి కొత్తగా ఉండొచ్చు. దీన్నే ప్రాదేశిక సైన్యం అంటారు. 1948లో చట్టం చేశారు. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ దీన్ని ప్రారంభించారు. ఏదో ఒక ఉద్యోగమో వృత్తో చేసుకుంటున్నవాళ్ళు ఏడాదిలో కొద్దికాలం సైనిక శిక్షణ తీసుకుంటారు. మిగతా కాలమంతా మనలాగే బస్సుల కోసం ఎదురుచూస్తారు, కరెంటు బిల్లు కడతారు. దేశానికి అవసరమొచ్చి పిలుపు వచ్చిన నాడు మాత్రం చేతిలో పని చేతిలోనే వదిలేసి యూనిఫారమ్ తొడుక్కోవాలి. అలా వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చాక పాత ఉద్యోగంలోకి మళ్ళీ తీసుకోవాలని కూడా ఆ చట్టమే చెబుతుంది.

ఆడవాళ్ళ మాటకొస్తే, చట్టంలో 'ఏ వ్యక్తి అయినా' చేరవచ్చునని రాసి ఉన్నా ఆ మాటలో ఆడవాళ్ళు ఉన్నారన్న సంగతి చాలాకాలం ఎవరికీ తోచలేదు. చివరికి ఢిల్లీ హైకోర్టు 2018 జనవరిలో, వ్యక్తి అంటే ఆడవాళ్ళు కూడానని తీర్పు చెప్పవలసి వచ్చింది. ఈ చిన్న విషయానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ ఆడపిల్లలకిచ్చే ఖాళీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే.

మా పిల్లకు ఈ కోరిక ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2024 జులై చివర్లో వయనాడులో కొండచరియలు విరిగిపడి ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు, మద్రాసు ఇంజనీర్ల దళం చూరల్‌మల దగ్గర వాగు మీద 190 అడుగుల బెయిలీ వంతెన కట్టింది. రాత్రింబగళ్ళు పనిచేసి ఆగస్టు 1 సాయంత్రానికి అవతలి ఒడ్డుకు దారి వేశారు. ఆ పని చేయించినవాళ్ళలో మేజర్ సీతా షెల్కే అనే ఆవిడ ఉంది. వంతెన మీద నిలబడ్డ ఆవిడ ఫోటోను మా పిల్ల ఫోన్‌లో దాచుకుంది. "నేను గీసే వంతెనలు మూడేళ్ళకు గానీ కట్టరు అత్తా. ఆమె వంతెన మీద మర్నాడే మనుషులు నడిచారు" అంది నాతో.

సైన్యంలో ఇంజనీర్లంటే దారి లేనిచోట దారి వేసేవాళ్ళు. వాగులు దాటిస్తారు, పాతిపెట్టిన మందుపాతరలు వెతికి తీస్తారు. అవసరం వస్తే, తాము కట్టిన వంతెనను తామే పేల్చివేస్తారు కూడా. మా తాత ముప్ఫై ఏళ్ళు పట్టాలు చూసుకున్నదీ ఇలాంటి ఇంజనీర్ల లెక్కలోనే. అవును, ఆయన కూడా సగం సిపాయే. రైల్వేలకు ఈ ప్రాదేశిక సైన్యంలో ప్రత్యేకంగా రెజిమెంట్లు ఉండేవి. యుద్ధం వచ్చినప్పుడు సరిహద్దు దాకా రైళ్ళు నడపాలి, బాంబు పడి పట్టా తెగితే అతకాలి. పట్టాల పని తెలిసినవాళ్ళు రైల్వేలోనే గదా ఉంటారు! అందుకని ఏడేళ్ళు ఆ దళాల్లో పనిచేయవలసి రావచ్చునన్న షరతు రైల్వే ఉద్యోగపు కాగితాల్లోనే రాసేవారు. ఏడాదికోసారి తాత ట్రంకుపెట్టె సర్దుకుని క్యాంపుకు వెళ్ళేవాడట. వచ్చేటప్పుడు పిల్లలకు బిస్కెట్లు తెచ్చేవాడట. ఇంట్లో దాన్ని 'తాత మిలిటరీ' అనేవాళ్ళు గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అన్నయ్యా వదినా వాదించుకుంటూనే ఉన్నారు. ఎనభై అయిదు దాటిన మా అవ్వ మంచం మీద కూర్చుని అంతా వింటోంది. చెవులు సరిగా వినిపించవని మేమనుకుంటాం గానీ, ఆమెకు కావలసినవన్నీ వినిపిస్తాయి. "సగం మిలిటరీ ఏంది అంటున్నవు గని, నీ మామను గన్న తండ్రి గూడ గంతేనే బిడ్డా" అంది వదినతో. అని ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఏముందో అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. ఎందుకంటే ఇరవై అయిదేళ్ళ కింద, నేను బి.ఏ. చదివే రోజుల్లో, ఆ కథను ఆమె చేత చెప్పించుకుని ఆమెను ఏడిపించినదాన్ని నేనే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. రైల్వే దళాలను పిలిచారు. తాత వెళ్ళాడు. కొన్ని నెలలు ఎక్కడో సరిహద్దు వైపు పట్టాలు చూసుకుని క్షేమంగా తిరిగి వచ్చాడు. తాండూరు స్టేషన్లో దిగితే బంతిపూల దండ వేశారట. దండ తెచ్చింది పక్క క్వార్టరు ఆయన. ఆయన కీమన్. రోజూ తెల్లవారకముందే సుత్తి భుజాన వేసుకుని, పట్టాల వెంట నడుస్తూ వదులైన చీలలు బిగించుకుంటూ పోవడం ఆయన పని. ఆయన్ని మేము కీమన్ తాత అనేవాళ్ళం. ఆ రెండు క్వార్టర్లకు మధ్య గోడ ఉండేది గానీ, కూరగిన్నెలు దాని మీదుగానే అటూ ఇటూ తిరిగేవి.

తాతకు సరిహద్దు కబుర్లు చెప్పడం ఇష్టం ఉండేది కాదు. ఒక్కటి మాత్రం చెప్పేవాడట. 1965 సెప్టెంబరులో రాజస్థాన్‌లో గడ్రా రోడ్డు దగ్గర సైన్యానికి సామాన్లు తీసుకుపోతూ విమానాల దాడిలో 17 మంది రైల్వేవాళ్ళు చనిపోయారు. "వాళ్ళు మామూలు రైల్వేవాళ్ళు. వాళ్ళకు వర్దీ గూడ లేకుండె" అనేవాడట. రైలు నడవాలి, అదొక్కటే ఆయనకు అర్థమైన దేశభక్తి.

తర్వాత 1974 వచ్చింది. మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, దేశమంతా రైళ్ళు ఆగిపోయిన ఏడాది. బోనస్ కావాలని, ఎనిమిది గంటల పని కావాలని, జీతాలు పెంచాలని 17 లక్షల మంది సమ్మెకు దిగారు. వాళ్ళ నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2న అరెస్టు చేశారు. మే 8న సమ్మె మొదలైంది. 27 దాకా సాగింది. వేలాదిమందిని జైళ్ళలో పెట్టారు. చాలాచోట్ల పెళ్ళాం పిల్లల్ని క్వార్టర్లలోంచి వెళ్ళగొట్టారు. రైళ్ళు నడపడానికి ప్రభుత్వం ప్రాదేశిక సైన్యాన్ని పిలిచింది.

మా తాత యూనియన్ మనిషే. నెలనెలా చందా కట్టేవాడు. సమ్మెకు చెయ్యెత్తినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. సమ్మె నాలుగు రోజులుందనగా ఆయనకు టెలిగ్రాం వచ్చింది. వెంటనే వచ్చి దళంలో చేరమని. వెళ్ళకపోతే అది ఉద్యోగం ఎగ్గొట్టినట్టు కాదు, సైన్యం నుంచి పారిపోయినట్టు.

ఆ రాత్రి తాత అన్నం తినలేదట. పక్క క్వార్టరుకు వెళ్ళి గడప ముందున్న తాండూరు బండ మీద కూర్చున్నాడు. కీమన్ తాత బయటికి వచ్చాడు.

"నాకు తారొచ్చిందే. పొద్దున పోతున్న" అన్నాడు తాత.

"ఏడికి? మల్ల బోర్డరుకా?"

"కాదు. మన పట్టాల మీదికే."

కీమన్ తాత ఏమీ అనలేదట. లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడట. తాత చాలాసేపు ఆ బండ మీదనే కూర్చుని వచ్చాడు. తెల్లారి వర్దీ తొడుక్కుని, పక్కింటి ముందు నుంచే నడిచి స్టేషనుకు పోయాడు. వెనక సందులోంచి పోతే ఎవరూ చూసేవాళ్ళు కారు. అయినా ముందు నుంచే పోయాడు. మూడేళ్ళ కింద దండ వేసిన చోటనే ఎవరో ఉమ్మారట.

కీమన్ తాతను మూడో రోజున పట్టుకుపోయారు. ఇంట్లో ఆయన భార్య, నలుగురు పిల్లలు. జీతం లేదు. మా అవ్వ జొన్నరొట్టెలూ పప్పూ టిఫిన్ డబ్బాలో పెట్టి మా నాన్న చేత గోడ మీదుగా పంపేది. మొదటి రోజు డబ్బా మూత తియ్యకుండానే తిరిగొచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. "పారేసిండ్రా అవ్వా?" అని అడిగాను. "ఎందుకు పారేస్తరు? నాకే పంపిండ్రు. మేమే తిన్నం, ఏడ్చుకుంట తిన్నం" అంది అవ్వ. నాలుగో రోజు డబ్బా తిరిగి వచ్చింది. కడిగి ఉంది. లోపల నాలుగు పచ్చిమిరపకాయలున్నాయి. మన ఇళ్ళల్లో ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం గదా! అంటే ఆ పిల్లలు తిన్నారన్నమాట. "గా మిరపకాయలు జూసి గప్పుడు ఏడ్సిన బిడ్డా మంచిగ" అంది.

ఇదీ కథ. బి.ఏ. చదివే రోజుల్లో నేను కాస్త ఆవేశపరురాలిని. సమ్మెల మీద, హక్కుల మీద పుస్తకాలు కొత్తగా చదువుతున్నాను. తాత పోయి అప్పటికి ఏడాదే అయింది. "అయితే తాత సమ్మెను విరిచినవాడేనన్నమాట!" అన్నాను. ఎంత సులువుగా అన్నానో! అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కానీ ఆయన్ని వెనకేసుకు రాలేదు. "విరిసిండు. నేను లేదంటనా? తప్పో ఒప్పో నాకెర్కలేదు. కని చెప్పి పోయిండు బిడ్డా."

"చెప్పి పోతే తప్పు తక్కువవుతుందా?" అన్నాను.

"చెప్తె తక్కువైతదని ఎవలన్నరు? చెప్పకపోతె ఎక్కువైతది" అంది.

ఆనాడు నాకు ఆ మాట నచ్చలేదు. చదువుకోని ముసలామె భర్తను కాపాడుకుంటోందనుకున్నాను. సంసారం, పిల్లలు, ఉద్యోగం, అత్తవారు, ఆడపడుచులు, ఇన్నిటి మధ్య ఇరవై అయిదేళ్ళు తిరిగాక, ఇప్పుడిప్పుడే ఆ మాట లోతు తెలుస్తోంది.

ఇద్దరికి మాట ఇచ్చినవాడికి ఏదో ఒక రోజున రెండు మాటలూ ఒకే పొద్దున గడపలోకి వచ్చి నిలబడతాయి. ఆ పొద్దు రాకుండా ఉండాలని కోరుకోవచ్చు గానీ, రాదని నమ్మకూడదు. మా తాత సైన్యానికి మాట ఇచ్చినప్పుడు శత్రువంటే సరిహద్దు అవతలివాడే అనుకున్నాడు. తోటి కీమన్ అవుతాడని అనుకోలేదు. మాట ఇచ్చేటప్పుడు అందులో ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు. పెళ్ళినాడు మనం మాత్రం ఏమి తెలిసి తలవంచామంటారు?

ఒక మాట నిలబెట్టుకుంటే రెండోది తీరిపోయినట్టేనని మనసుకు చెప్పుకోవడం చాలా సుఖంగా ఉంటుంది. "పైనుంచి ఆర్డరు వచ్చింది, నేనేం చెయ్యను?" అనేస్తే చాలు. భారతంలో భీష్ముడంతటివాడు కూడా, కౌరవుల సొమ్ముకు కట్టుబడి ఉన్నానని చెప్పి వాళ్ళ వైపు నిలబడ్డాడు. తప్పని తెలిసీ నిలబడ్డాడు. కర్ణుడి సంగతి వేరు. కన్నతల్లి వచ్చి అడిగినప్పుడు, దుర్యోధనుణ్ణి విడిచి రాలేనని ఆమె ముఖం మీదనే చెప్పాడు. అర్జునుణ్ణి తప్ప మిగిలిన వాళ్ళను చంపనని, ఎలా చూసినా నీకు అయిదుగురు కొడుకులు మిగులుతారని కూడా చెప్పాడు. ఇద్దరూ ఒక పక్షానే యుద్ధం చేశారు. అయినా కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి మన గొంతు ఎందుకు పూడుకుపోతుంది? తీర్చలేని రెండో బాకీని ఆయన బాకీ కాదనలేదు. అందుకని.

మా తాత కూడా కాదనలేదు. సమ్మె అడిగిన బోనస్ రైల్వేవాళ్ళకు 1979లో గానీ రాలేదు. ఆ మొదటి బోనస్ డబ్బు తాత లెక్కపెట్టకుండా పట్టుకుపోయి కీమన్ తాత ముందు పెట్టాడట. "ఇది నేను అడగలేదు. అడిగినోనివి నువ్వు" అన్నాడట. అయిదేళ్ళ తర్వాత అదే మొదటి మాట వాళ్ళిద్దరి మధ్య. కీమన్ తాత ఆ డబ్బు ముట్టలేదు. "పో, పొయ్యి పిల్లలకు బట్టలు గొను" అన్నాడు. తాత రెండిళ్ళ పిల్లలకూ ఒకే తాను గుడ్డ కొన్నాడు. ఆ దసరా ఫోటోలో మా నాన్నా, కీమన్ తాత పిల్లలూ అందరూ ఒకే నీలం చారల చొక్కాలతో ఉంటారు. ఆ ఫోటో చిన్నప్పటి నుంచీ గోడ మీద చూస్తున్నాను గానీ ఆ చొక్కాల ఖరీదు నాకు తెలియదు.

అంతటితో అంతా సర్దుకుందని నేననను. చట్టం ఉద్యోగాన్ని తిరిగి ఇప్పించగలదు, స్నేహాన్ని ఇప్పించలేదు. వాళ్ళిద్దరూ ఆ తర్వాత కలిసి టీ తాగారు గానీ, ఆ బండ మీద మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదని అవ్వ చెప్పింది. తాత సమ్మెలో ఉండిపోయి ఉంటే బాగుండేదా? జైలుకు పోయి ఉంటే? అప్పుడు సైన్యానికిచ్చిన మాట తప్పేవాడు. అవ్వ చేతిలో రొట్టెల డబ్బా కూడా ఉండేది కాదేమో. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. తేలిందన్నవాళ్ళను నేను నమ్మను.

అన్నట్టు, ఈ కథలో సిపాయి ఒక్కడేనా? తాత రెండు నెలలో మూడు నెలలో వర్దీ వేసుకుని విప్పేశాడు. పక్కింటి గోడ దగ్గర నిలబడి ముఖం దించుకున్నది అవ్వ. నీళ్ళ పంపు దగ్గర మాటలు పడ్డది అవ్వ. "వర్దీ మీ తాత తొడిగిండు, ఉతికింది నేను" అంటుంది ఇప్పటికీ. ఇంట్లో ఒకరు సగం సిపాయి అయితే, ఇంకొకరు పూర్తి సిపాయి కాక తప్పదు. చేరబోయేవాళ్ళు నింపే ఏ ఫారంలోనూ ఆ రెండో మనిషి సంతకం అడగరు.

మా వదిన భయం అపాయాన్ని గురించి. అన్నయ్య భయం పెళ్ళిని గురించి. రెండూ సహజమే. కానీ 'సగం ఉడికిన అన్నం' అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఒడిబియ్యానికి వచ్చిన దాన్ని నేను. పుట్టింట్లో సగం, అత్తింట్లో సగం ఉన్న మనిషినేనా? అమ్మ మంచాన పడ్డ వారమే ఇంట్లో పిల్లకు పరీక్షలైతే, నేను రెండుచోట్లా పూర్తిగానే ఉన్నాను, రెండుచోట్లా పూర్తిగానే లేను. ఆడదాన్ని ఎవరూ సగం కూతురు, సగం కోడలు అనరు. రెండిళ్ళ మనిషి అంటారు. రెండు మాటల మధ్య బతకడం మనకు కొత్త కాదు. మగవాళ్ళకే అది సైన్యంలో చేరితే గానీ తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లను పిలిచి అవ్వ మంచం మీద కూర్చోబెట్టాను. తాత కథ మొదటిసారి దానికి చెప్పాను. వదిన గుమ్మంలో నిలబడి వింది. పిల్ల ఫోన్ పక్కన పెట్టేసింది. ఈ కాలంలో అంతకంటె గౌరవం ఉండదు. అంతా విని, "ఇప్పుడు రైల్వే దళాలు ఎక్కడున్నాయి అత్తా? దాదాపు అన్నీ తీసేస్తున్నారు" అంది. నిజమే. ఆరు రైల్వే రెజిమెంట్లలో జమాల్‌పూర్‌ది ఒక్కటి ఉంచి, మన సికింద్రాబాదుది సహా మిగిలిన అయిదూ ఎత్తివేయాలన్న నిర్ణయం 2023లో వార్తల్లో వచ్చింది.

"దళాలు పోతయి బిడ్డా, తారు మాత్రం వస్తది. ఇప్పుడు ఫోన్ల వస్తదేమో" అంది అవ్వ. తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నిన్ను ఎవలి మీదికి పొమ్మంటరో ఇయ్యాల నీకు తెల్వదు. వాన మీదికా, వరద మీదికా, మనుషుల మీదికా? పిలిచిన నాడు పోతనంటే పో. కని నువ్వు పోతే ఎవలికి నష్టమో, వాళ్ళింటి ముందటి నుంచి పోతవా?" అని అడిగింది.

పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు. పరీక్షకు చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్న లేదు మరి. కాసేపయ్యాక, "కంపెనీ నుంచి అభ్యంతరం లేదని కాగితం తీసుకోవాలి, అదొక్కటే అనుకున్నాను. ఆ రెండు నెలలూ నా పనంతా నా పక్క సీటామె మీద పడుతుంది. ఆమెకు చంటిపిల్ల. ఆమెకు చెప్పాలని నాకు తట్టనేలేదు" అంది.

"ముందు ఆమెకు చెప్పు. తర్వాత మీ అమ్మకు చెప్పు. చెప్పడమంటే ఒప్పించడం కాదు, ఎదురుగా కూర్చోవడం. వాళ్ళేమంటారో వినడం" అన్నాను. అది తీర్పో కాదో నాకు తెలియదు. అన్నయ్యకు అది తీర్పులా కనిపించలేదు. "అంటే పంపమనా, వద్దనా?" అన్నాడు. వదిన మాత్రం, "మీరుండండి" అంది ఆయనతో. "ఆ ఫారం తీసుకురా, అందులో ఏముందో చదివి వినిపించు ముందు" అంది కూతురితో. ఆమె సరే అనలేదు. అయినా తలుపు వేసుకోలేదు.

సాయంత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి ఒడి నింపారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, వక్కలు, పసుపుకొమ్ములు, రవిక. ఒడి నిండాక లేచేటప్పుడు అందులోంచి పిడికెడు బియ్యం పుట్టింటి దేవుడి దగ్గర వదిలి రావడం మా ఇంటి ఆనవాయితీ. చిన్నప్పుడు, ఇచ్చినవి మళ్ళీ ఎందుకు తీసుకుంటారని అడిగేదాన్ని. మొన్న పిడికెడు బియ్యం అక్కడ పోసి, అవ్వ కాళ్ళకు దండం పెట్టి, "వెళ్ళొస్తానవ్వా" అన్నాను.

"చెప్పినవు గద, ఇగ పో" అంది అవ్వ.